ఆ గోలీలు పెట్టె అడుగున ఎందుకు దాచుకుంటున్నాం?

పోస్టు జర పెద్దగైంది, ఓపికతోటి చదవండి.

మేము నలుగురం కరీంనగర్‌ల ఒక హాస్టల్ రూములో ఉంటున్నాం. ఇద్దరం గోండులం, ఒకరు కొలాం, ఒకరు నాయకపోడ్. నలుగురి ఇండ్లల్ల డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మాలో ఒకడు ఏడాది నుంచి యాంగ్జైటీకి గోలీలు వేసుకుంటున్నడు. ఎవరో చెప్పం. ఇక్కడంతా "మేము" అనే రాస్తున్నాం. గోలీ మింగేది ఒక్కడే అయినా నిద్ర చెడింది, కొట్లాడింది, భయపడ్డది నలుగురం.

ముందు ఆ మాట సంగతి. మొదటిసారి చూసినప్పుడు డాక్టర్ సారు "ఇది ఆందోళన సమస్య" అన్నారు. ఆందోళన అంటే మనకు తెలిసింది ఐటీడీఏ ముందరనో కలెక్టరేట్ ముందరనో కూసుండి చేసేదే. బయటికొచ్చినంక నవ్వుకున్నాం. ఇంట్ల గోండిలో చెప్పాలంటే ఇంకా తిప్పలైంది. చివరికి "గుండె దడదడ కొట్టుకుంటది, చేతులు చల్లబడతయి, ఊపిరి ఆడదు, పరీక్ష హాలు తలుపు దాకా పోయి వెనక్కి వస్తున్న" అని ఉన్నదున్నట్టు చెప్పినం. అమ్మకు అర్థమైంది. దేవారితో పూజ చేయించింది. అది తప్పని మేము అనం. పూజ చేసినోళ్లెవరూ గోలీలు మానుమని చెప్పలే. "అవి పిచ్చోళ్ల గోలీలు, అలవాటైతే అంతే" అన్నది హాస్టల్ల మాతోపాటు చదువుకునేటోళ్లే.

మందు పేరు సెర్ట్రాలిన్. మొదట 50 మిల్లీగ్రాములు, తర్వాత 100, డిసెంబర్ పరీక్షల ముందర 150. ఈ మందును ఎక్కువలో ఎక్కువ 200 దాకా ఇస్తారు. అంటే మాది పెద్ద డోసే. డోసు పెరిగినప్పుడల్లా వారం పది రోజులు అరిగోస. పొద్దున ఉప్మా చూస్తేనే కడుపుల తిప్పేది. నోరు ఎండుకపోవుడు, చేతులు వణుకుడు. రికార్డు రాస్తే అక్షరాలు కోడి గెలికినట్టు వచ్చేవి. డిసెంబర్ చలిల కూడా చెమటకు దుప్పటి తడిసేది. రాత్రి రెండింటికి లేచి కూసునుడు, క్లాసుల తూగుడు. అన్నిటికంటే అన్యాయం ఇంకోటుంది. భయం తగ్గాలని వేసుకున్న గోలీతోటి మొదటి రోజుల్లో భయం ఇంకా పెరిగింది.

ఇవేవీ వింత సంగతులు కావు. ఈ రకం మందులతో చాలామందికి అయ్యేవే, ఎక్కువ శాతం కొన్ని వారాల్లో తగ్గిపోయేవే. మాకు మాత్రం ఆ ముక్క ఎవరూ చెప్పలే. ఓపీల మాకు దొరికింది రెండు మూడు నిమిషాలు. "రోజూ వేసుకో, నెలకు రా" అన్నారు, అయిపోయింది. మందు గుణం పూర్తిగా కనపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇబ్బందులు మాత్రం మొదటి రోజు నుంచే షురూ అవుతాయి. ఈ తేడా తెలియకపోతే ఎవరైనా ఏమనుకుంటారు? మందు పడలేదనే అనుకుంటారు. మేమూ అట్లనే అనుకున్నాం.

పోయిన దీపావళికి దండారి అని ఊరికి పోయినం. లక్సెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూరు బస్సు. గోలీలు హాస్టల్ పెట్టెలోనే వదిలేసినం. మరిచిపోయి కాదు, కావాలనే. ఊర్ల ఇప్పసారా పోస్తే వద్దనలేం, మందు మీద తాగొద్దని విన్నాం. సారా వద్దని చెప్పే ధైర్యం లేక గోలీనే వద్దనుకున్నాం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గనిపిస్తుంది గానీ, ఆ రోజు అది మాకు తెలివైన లెక్కలాగే కనపడ్డది.

మూడో రోజుకు తల తిరుగుడు మొదలైంది. కన్ను తిప్పితే తలలో కరెంటు షాకు కొట్టినట్టు. ఊరికే ఏడుపు, అమ్మ మీద కోపం. గుస్సాడీల ఆట చూసేందుకు ఊరంతా ఒక్కచోట ఉంటే మావోడు ఇంటి వెనక గోడకు ఆనుకొని కూసున్నడు. రోగం తిరగబెట్టిందనుకున్నాం. లేదంటే, అందరూ అన్నట్టు గోలీలకు బానిసైనట్టే అనుకున్నాం. పక్క ఊర్లున్న ఇంకో రూమ్‌మేట్ సైకిల్ మోటర్ మీద వచ్చి 14416కు ఫోన్ కలిపిండు. అది టెలీ మానస్ నంబరు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, రాత్రి పగలు పనిచేస్తది, పైసలు పడవు, తెలుగులో మాట్లాడతారు. మందు ఒక్కసారిగా ఆపితే ఇట్లవుతుందని, ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవమని అవతలి మేడమ్ చెప్పింది.

బానిస అయ్యుడు సంగతి తర్వాత డాక్టర్‌నే అడిగినం. సారాకు అలవాటు పడ్డోడు ఇంకా ఇంకా కావాలంటాడు. ఈ గోలీ అట్లా అడిగించదు. కాకపోతే శరీరం దానికి సర్దుకొని ఉంటుంది గనుక ఆపేటప్పుడు కొద్దికొద్దిగా, వారాల మీద తగ్గించాలి. అదీ డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారమే.

ఆ సారి ఓపీకి ఉత్త చేతులతో పోలే. ఏ రోజు ఏమైందో ఒక కాయితం మీద రాసుకొని పోయినం. రెండు నిమిషాలే దొరికినా కాయితం చదివితే సరిపోతుంది కదా. రాత్రి గోలీని పొద్దున తిన్నాక వేసుకునేటట్టు మార్చారు, నిద్ర కొంత కుదిరింది. డిసెంబర్‌ల 150కి పెంచినప్పుడు కూడా ఒక్కసారే కాకుండా 25 చొప్పున పెంచారు. చేతుల వణుకు పూర్తిగా పోలేదు, తగ్గింది. మింగుడు, మానుడు అని రెండే దార్లు అనుకున్నాం గానీ నడిమిట్ల ఇన్ని ఉన్నాయని అప్పుడే తెలిసింది. గోలీ మార్చొచ్చు, టైము మార్చొచ్చు, డోసు తగ్గించొచ్చు. చెప్పకపోతే మాత్రం డాక్టర్ ఏదీ మార్చలేడు.

ఇంకో మాట. మగపిల్లలు దీన్ని ఎవరికీ చెప్పుకోరు గనుక ఇక్కడే రాస్తున్నాం. ఈ మందులతో కోరికలు తగ్గడం, ఆ విషయంలో ఇబ్బంది రావడం మామూలే, ఆడవాళ్లకు కూడా. "నేను పనికిరానోడినైన" అనుకొని మందు మానేసేవాళ్లుంటారు. ఇదీ డాక్టర్‌కు చెప్పాల్సిన సంగతే. మావోడు చెప్పడానికి మూడు నెలలు పట్టింది.

దీనికంటే ముఖ్యమైంది ఒకటుంది. పిల్లల్లో, కుర్రవాళ్లలో ఈ మందులు మొదలుపెట్టినప్పుడు చచ్చిపోవాలనే ఆలోచనలు పెరగొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2004లో హెచ్చరిక పెట్టించింది. 2007లో దాన్ని 24 ఏళ్ల వాళ్ల దాకా పెంచింది. ఈ గ్రూపులో ఎక్కువమంది ఆ వయసు లోపలే ఉన్నాం. మందు మానమని దాని అర్థం కాదు, మొదటి వారాల్లో, డోసు మారినప్పుడు పక్కన మనిషి ఉండాలని. 150 చేసినప్పుడు మేము పది రాత్రులు వంతులు వేసుకొని మెలకువగా ఉన్నాం. మెలకువగా అంటే పేకాట ఆడుకుంటూనే అనుకోండి. ఉన్నట్టుండి కాళ్లు ఒకచోట నిలవకపోయినా, మాటలు తేడాగా వచ్చినా ఆ రోజే ఫోన్ చేయాలని అనుకున్నాం.

ఊర్లల్ల ఉన్నోళ్లు ఇది కూడా చూసుకోండి. ఒళ్లు నొప్పులంటే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాం, ఆయన ఏదో సూది, ఏదో గోలీ ఇస్తడు. ట్రమడాల్ వంటి నొప్పి మందు ఈ గోలీలతో కలిస్తే ప్రమాదం కావొచ్చు. ఎస్సిటలోప్రామ్ వాడేవాళ్లకు మలేరియాకు క్లోరోక్విన్ ఇస్తే రెండూ గుండె లయ మీద పనిచేసేవే. మన ఏజెన్సీల మలేరియా రానోడు ఎవడు? అందుకే గోలీల పట్టీ జేబులో పెట్టుకొని, ఎక్కడికి పోయినా ముందు చూపియ్యాలి.

చూపియ్యాలంటే దాచకుండా ఉండాలి. అక్కడే మా కోపం. హాస్టల్ల జ్వరం గోలీ వేసుకుంటే ఎవరూ ఏమనరు. ఈ గోలీ పట్టీ దొరికిననాడు హాజరు తీసుకునే టైముల అందరి ముందట "వీడికి మెంటల్ అట" అని నవ్వినోళ్లు సిబ్బందిలోనే ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. ఆ మాట ఆ రోజు మాకు తెలిస్తే బాగుండేది.

మేము అడిగేవి పెద్దవేం కావు. నెలకోసారి దవాఖానకు పోయిన రోజును గైరుహాజరు కింద రాయొద్దు, స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలె కదా. పొద్దున కడుపుల తిప్పినోడికి టిఫిన్ పదింటి దాకా పక్కన పెట్టనియ్యండి. చీటీ చూపిస్తే చాలు, కారణం అందరి ముందట అడగొద్దు. విద్యార్థి సంఘం అన్నలు మెస్ బిల్లుల మీద, బకాయిల మీద వినతిపత్రం ఇస్తుంటారు, దాంట్ల ఈ మూడు లైన్లు కలపండి. ఎవరన్నా ఆదిలాబాద్ వైపు ఉంటే రిమ్స్‌ల మానసిక విభాగం ఉంది, హైదరాబాద్ దాకా పోనక్కరలేదు.

మావోడికి వచ్చే మంగళవారం మళ్లీ తారీఖు ఉంది. పరీక్షలు రాసిండు, ఒక సబ్జెక్టు పోయింది, హాలు తలుపు కాడికెళ్లి మాత్రం వెనక్కి రాలే. కాయితం రాసుడు షురూ చేసినం: ఎండకు చెమటలు ఎక్కువైనయి, బరువు రెండు కిలోలు పెరిగింది, కలలు తగ్గినయి. తోడు ఎవరు పోవాలో ఇంకా తేలలేదు. ఒకరికి ప్రాక్టికల్స్ ఉన్నాయి, ఇంకొకరి దగ్గర బస్సు పైసలు లేవు.