మీటరు చెప్పే సాక్ష్యం



ఉమ్మడి కుటుంబాలలో తలెత్తే తగాదాల గురించి మా వద్దకు తరచూ ప్రశ్నలు వస్తుంటాయి. ఆస్తి పంపకం, తల్లిదండ్రుల పోషణ, కోడళ్ళ మధ్య ఇంటిపని విభజన, ఇవన్నీ పాతవే. ఇటీవలి కాలంలో వాటి సరసన మరొకటి వచ్చి చేరింది. అది కరెంటు బిల్లు. కింది వాటాలో అన్నగారి కుటుంబం, పై వాటాలో తమ్ముని కుటుంబం, రెంటికీ కలిపి ఒకటే మీటరు. వేసవి రాగానే బిల్లు పెరుగుతుంది, దానితోపాటు గొంతులూ పెరుగుతాయి. పిల్లలు రాత్రంతా ఫోన్లు చార్జింగులో పెడుతున్నారని ఒకరంటారు. తమ్ముడు ఇంట్లో కంప్యూటరుపై పని చేసుకుంటున్నాడు కనుక సగం బిల్లు అతనిదేనని మరొకరంటారు. చివరకు మంచంపై ఉన్న వృద్ధురాలైన తల్లి గదిలో ఫ్యాను కూడా చర్చకు వస్తుంది. ఇంతకంటే బాధాకరమైన విషయం ఏముంటుంది?

ఈ తగాదాలన్నింటిలో మాకు కనిపించే లోపం ఒక్కటే. అందరూ అనుమానిస్తారు, ఎవరూ కొలవరు. అనుమానాలకు దూరంగా ఉండాలని సూరా అల్ హుజురాత్ మనల్ని హెచ్చరిస్తుంది. కొలతలలో మోసం చేసేవారి గురించి ఒక సూరాయే అవతరించింది. దైవప్రవక్త (స) వుజూకు ఒక ముద్ నీటిని, అంటే రెండు చేతులూ కలిపి పట్టే దోసెడు కొలతను, గుసుల్‌కు నాలుగైదు ముద్‌ల నీటిని వినియోగించేవారని ప్రామాణిక హదీసులు తెలుపుతున్నాయి. ఆ మహనీయుని వినియోగం ఎంతో నేటికీ మనం చెప్పగలుగుతున్నామంటే, అది కొలతకు లోబడి ఉన్నందువల్లనే. మరి మన ఇంట్లో నెలకు ఎన్ని యూనిట్లు, ఏ వస్తువుకు ఎన్ని ఖర్చవుతున్నాయో మనలో ఎందరం చెప్పగలం?

యూనిట్ అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం. 1000 వాట్ల వస్తువు ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యేది ఒక యూనిట్. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు అదే యూనిట్‌తో దాదాపు 111 గంటలు వెలుగుతుంది. 2000 వాట్ల గీజరు అదే యూనిట్‌ను అరగంటలో ముగిస్తుంది. వస్తువు వెనుక అంటించిన చీటీపై వాట్లు రాసి ఉంటాయి. ఆ వాట్లను అది పనిచేసే గంటలతో గుణించి 1000తో భాగిస్తే రోజుకు ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. అయిదో తరగతి చదివే పిల్లవాడు చేయగల లెక్క ఇది. అయితే ఫ్రిజ్, ఏసీ వంటివి మధ్యమధ్య తమంతట తామే ఆగుతూ పనిచేస్తాయి గనుక వాటికి ఈ లెక్క సరిపడదు. ఫ్రిజ్‌కు అతికించిన నక్షత్రాల చీటీపై అది ఏడాదికి ఎన్ని యూనిట్లు తీసుకుంటుందో విడిగా ముద్రించి ఉంటుంది.

ఇప్పుడు పైన చెప్పిన ఆరోపణలను ఈ లెక్కతో పరీక్షిద్దాం. మామూలు స్మార్ట్ ఫోనును ప్రతిరోజూ పూర్తిగా చార్జి చేసినా నెలకు ఒక యూనిట్ కూడా కాదు. అంటే పిల్లల ఫోన్ల మీద మోపిన నేరం నిలవదు. ఫోను వల్ల పిల్లల చదువుకు, నమాజుకు కలిగే నష్టం వేరు. దాని గురించి మందలించవలసి వస్తే ఆ మాట చెప్పే మందలించాలి, బిల్లు నెపంతో కాదు. తమ్ముని కంప్యూటరు లాప్‌టాప్ అయితే, 50 వాట్ల చొప్పున రోజుకు ఆరు గంటలు నడిచినా నెలకు 9 యూనిట్లు. పాత డెస్క్‌టాప్ అయితే మాట వేరు. తెరతో కలిపి 150 వాట్ల చొప్పున ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 36 యూనిట్లు అవుతాయి. కంప్యూటరు అన్న ఒక్క పేరు వెనుక ఇంత తేడా ఉన్నప్పుడు, లెక్క చూడకుండా తీర్పు చెప్పడం ఎలా న్యాయమవుతుంది?

ఎవరి దృష్టికీ రాని వస్తువులు మరికొన్ని ఉన్నాయి. టీవీ పక్కనుండే సెట్‌టాప్ బాక్సు సుమారు 10 వాట్లు తీసుకుంటుంది. చాలా బాక్సులు రిమోటుతో ఆపినా లోపల పనిచేస్తూనే ఉంటాయి. గోడ స్విచ్చి ఆపకపోతే నెలకు 7 యూనిట్లు పోతాయి. వైఫై రూటరు 8 వాట్లదైనా ఇరవై నాలుగు గంటలూ వెలుగుతుంది గనుక నెలకు దాదాపు 6 యూనిట్లు. ఇన్వర్టరు బ్యాటరీ నిండిన తరువాత కూడా కొంత విద్యుత్తును తీసుకుంటూనే ఉంటుంది. బ్యాటరీ పాతబడేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. ఇక 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 34 యూనిట్లు. అటువంటివి మూడు తిరిగితే నూరు యూనిట్లు దాటుతాయి. పెట్టె వంటి పాతకాలపు రెగ్యులేటరు ఉన్న ఫ్యాను వేగం తగ్గించినంత మాత్రాన ఆదా పెద్దగా ఉండదు. మిగిలిన విద్యుత్తు ఆ పెట్టెలోనే వేడిగా మారిపోతుంది.

ఈ లెక్క కాగితం మీదిది. దానిని సరిచూసే సాక్షి మన గుమ్మం దగ్గరే ఉన్నాడు. నేటి ఎలక్ట్రానిక్ మీటరుపై ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఎన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అవుతుందో ఆ మీటరు ముఖంపైనే అంకెలలో ముద్రించి ఉంటుంది. అది 3200 అనుకుందాం. ఒక సాయంత్రం బల్బులు, ఫ్యాన్లు అన్నీ ఆపి, టీవీని రిమోటుతో మాత్రమే ఆపి, రూటరు, ఇన్వర్టరు మామూలుగా ఉంచి, మోటరు ఆడుతున్న చప్పుడు వినిపించకపోయినా ఫ్రిజ్‌ను మాత్రం ఆ పది నిమిషాలూ స్విచ్చి వద్ద ఆపి, మీటరు ముందు నిలబడండి. పది నిమిషాలలో ఆ దీపం 16 సార్లు మెరిసిందనుకోండి. గంటకు 96 సార్లు. నెలలోని 720 గంటలకు లెక్కకడితే 21 యూనిట్లకు పైమాటే. ఇల్లంతా నిద్రపోతున్నా, ఊరికి వెళ్ళినా పోయే విద్యుత్తు అది. తరువాత ఒక్కొక్క వస్తువునూ గోడ స్విచ్చి వద్ద ఆపుతూ వస్తే దీపం ఎప్పుడు నెమ్మదిస్తుందో కనిపిస్తుంది. దోషి ఎవరో అప్పుడు తేలుతుంది. అన్నీ ఆపినా దీపం వేగంగా మెరుస్తూనే ఉంటే వైరింగులో లోపం ఉండవచ్చు. అది ప్రాణాపాయం గనుక వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. మీటరు మూతను, తీగలను మనం మాత్రం తాకరాదు. చూడడమే మన పని.

కొద్ది యూనిట్లకు ఇంత శ్రమ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. బిల్లు అంచెలంచెలుగా పెరుగుతుందన్న సంగతి వారు గమనించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో నిర్ణయించిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ. 1.90 అయితే, 400 దాటిన తరువాత రూ. 9.75. తెలంగాణలో అదే సంవత్సరపు ధరల ప్రకారం 200 యూనిట్లు వాడిన ఇంటికి విద్యుత్తు చార్జీ రూ. 820. అదే ఇల్లు 201 యూనిట్లు వాడితే, మొదటి 200 యూనిట్లకు కూడా హెచ్చు ధర వర్తించి రూ. 1027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కు రెండు వందల రూపాయల పైచిలుకు! రోజు కూలీతో గడిచే ఇంటికి అది చిన్న మొత్తమా? పిల్లల నోటు పుస్తకాలకు, తల్లి మందులకు సరిపోయే సొమ్ము అది. అందుకే ప్రతి నెలా రీడింగు తీసే తేదీ తరువాత పదవ రోజున, ఇరవయ్యవ రోజున మీటరు అంకెను గోడ క్యాలెండరుపై రాసుకోవడం మంచిది. ఇరవై రోజులకే 150 దాటితే మిగిలిన పది రోజులు జాగ్రత్త పడడానికి అవకాశం ఉంటుంది. బిల్లు చేతికి వచ్చాక చేయగలిగేది చెల్లించడమే.

2024 మార్చి నుండి తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హత గల రేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్నది. ఇది అవసరంలో ఉన్నవారికి గొప్ప ఊరట. అయితే, ఎలాగూ ఉచితమే కదా అని పగలంతా ఖాళీ గదిలో ఫ్యాను తిప్పేవారినీ చూస్తున్నాము. ఇస్రాఫ్, అంటే దుబారా, వస్తువు ధరను బట్టి నిర్ణయమయ్యేది కాదు. మన జేబు నుండి పోకపోయినా అది ప్రజాధనం నుండి పోతుంది. ప్రజాధనం అమానత్. పైగా 200 దాటిన నెలలో ఆ సున్నా బిల్లు రాదు.

తగ్గించే మార్గాలు కష్టమైనవేమీ కావు. దైవప్రవక్త (స) రాత్రి నిద్రకు ముందు పాత్రలపై మూతలు పెట్టమని, తలుపులు మూయమని, దీపాలు ఆర్పమని బోధించారు. ఆర్పని దీపం వల్ల ఇల్లు అంటుకోగల ప్రమాదాన్ని కూడా వివరించారు. నేటి మన ఇళ్ళలో ఆ పడక వేళ అలవాటుకు టీవీ, సెట్‌టాప్ బాక్సు, రూటరు స్విచ్చులను కూడా చేర్చుకుందాం. మూడింటినీ స్విచ్చి ఉన్న ఒకే ప్లగ్గుల బోర్డుకు తగిలిస్తే ఒక్క మీటతో ఆగిపోతాయి. ఫ్యాను కొనవలసి వచ్చినప్పుడు 30 వాట్ల ప్రాంతంలో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాను చూడండి. ధర ఎక్కువైనా, 15 గంటలు తిరిగే గదిలో నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఏసీని 24 డిగ్రీల వద్ద ఉంచండి. ఒక్కొక్క డిగ్రీ పెంచినప్పుడు సుమారు 6 శాతం ఆదా అవుతుందని కేంద్రప్రభుత్వ సంస్థ అయిన ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతున్నది. ఫ్రిజ్ తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూయండి. లాగితే సులువుగా వచ్చేస్తే తలుపు రబ్బరు మార్చవలసిన సమయం వచ్చిందన్నమాట.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. దుబారా ఎంత నింద్యమో పిసినారితనమూ అంత నింద్యం. ఈ రెంటికీ నడుమనున్న మార్గమే దైవదాసుల మార్గమని సూరా అల్ ఫుర్ఖాన్ బోధిస్తుంది. మే నెల ఎండలో వృద్ధురాలైన తల్లి గదిలో, బాలింత గదిలో, రోగి గదిలో తిరిగే ఫ్యాను దుబారా కాదు. అది వారి హక్కు. ఖాళీ గదిలో, చూసేవారు లేని బాక్సులో వృథా అయ్యే యూనిట్లను ఆపితే, అమ్మ గదిలోని ఫ్యాను రోజంతా తిరిగినా బిల్లు పెరగదు.

చివరగా, ఒకే మీటరుపై ఉన్న అన్నదమ్ములకు, అద్దెకిచ్చే ఇంటి యజమానులకు ఒక మాట. వాటా వాటాకు ఒక సబ్ మీటరు పెట్టించుకోండి. నెలకు 320 యూనిట్లు కాగా కింది వాటాలో 200, పై వాటాలో 120 తేలితే, బిల్లును ఎనిమిది భాగాలు చేసి అయిదు భాగాలు అన్న, మూడు భాగాలు తమ్ముడు చెల్లించాలి. అన్నగారి ఇంట్లో మనుషులు ఎక్కువ, సంపాదన తక్కువ అయితే తమ్ముడు తన ఇష్టపూర్వకంగా మరికొంత వేసుకోవచ్చు. అది పుణ్యకార్యం అవుతుంది. కానీ ఎవరి వాటా ఎంతో తెలిసిన తరువాతే ఔదార్యానికి ఔదార్యమన్న పేరు వస్తుంది. అద్దెకున్నవారి నుండి అసలు బిల్లులో వారి భాగానికి మించి యూనిట్‌కు తమకు తోచిన ధర వసూలు చేసే యజమానులు, తూకంలో మోసం చేసేవారికి వచ్చిన హెచ్చరికను ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.

ఈ నెల రీడింగు తీసిన రోజునే ఇంటిల్లిపాదీ కలిసి ఆ పది నిమిషాల పరీక్ష చేసి చూడండి. మెరుపులు లెక్కపెట్టే పని పిల్లలకు అప్పగించండి. అనుమానించకుండా కొలిచి మాట్లాడే గుణాన్ని, తనవారి పట్ల న్యాయంగా, తన అనుగ్రహాల పట్ల కృతజ్ఞతతో మెలిగే గుణాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.