తాతా.. సర్వర్ బిజీ!

మొన్న పని మీద భద్రాచలం వెళ్లి ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో కూర్చున్నా. చర్ల అవతల అడవి పల్లె నుంచి వచ్చిన కోయ పెద్దాయన ఒకరు, మనవడి హాస్టల్ సీటుకి కుల ధ్రువీకరణ పత్రం కోసం పొద్దుటి నుంచీ నిలబడి ఉన్నాడు.

"తాతా, సర్వర్ బిజీ. రేపు రా" అన్నాడు కుర్రాడు.

"రేపంటే ఇంకో రోజు కూలి పోతది కదా బిడ్డా!"

సర్వర్ బిజీకి నెట్ దగ్గర్నుంచి కరెంటు దాకా చాలా కారణాలుంటాయి. డేటాబేస్‌ల ఉద్యోగంలో నేను ఎక్కువగా చూసింది మాత్రం ఒకటుంది. అది తాళం.

పాత ఆఫీసుల్లో ఇన్‌వార్డ్ రిజిస్టర్ గుర్తుందా? గుమాస్తాలు పదిమంది ఉన్నా రిజిస్టర్ ఒక్కటే. ఒకరు నంబరు వేసేదాకా మిగతావాళ్లు ఆగాల్సిందే. డేటాబేస్‌లోనూ అంతే. ఒకే నంబరు ఇద్దరికి వెళ్లకుండా అక్కడ లాక్ పడుతుంది. లాక్ ఉండాల్సిందే. దాన్ని ఎంతసేపు పట్టుకున్నామన్నదే అసలు గొడవ.

లెక్క చూడండి. ఒక్కో దరఖాస్తు ఆ లాక్‌ని 20 మిల్లీసెకన్లు పట్టుకుంటే సెకనుకి 50 పూర్తవుతాయి. లాక్ వదలకుండానే ఎస్సెమ్మెస్ వెళ్లిందా, డబ్బు పడిందా అని 2 సెకన్లు ఎదురుచూస్తే నిమిషానికి 30 మాత్రమే. జూన్‌లో బడులు తెరిచే వేళ వేలమంది ఒకేసారి వస్తే? వెంటనే 'పెద్ద మెషిన్ కొందాం' అంటారు. గోదావరి మీద పాత వంతెన ఒక్కటే ఉన్న రోజుల్లో, సారపాక రోడ్డు ఎంత వెడల్పు చేస్తే మాత్రం శ్రీరామనవమికి బండ్లు ఆగకుండా ఉంటాయా?

దీనికి మందు ఖరీదైనదేం కాదు. ఎస్సెమ్మెస్‌లాంటి పనులు లాక్ వదిలాక చేయాలి. నంబర్లు సెంటర్‌కి వందేసి చొప్పున ముందే పంచేయాలి. ఒక్కోసారి రెండు దరఖాస్తులు చెరో లాక్ పట్టుకుని, ఎదుటిదాని కోసం బిగుసుకుపోతాయి. దీన్నే డెడ్‌లాక్ అంటారు. అప్పుడు డేటాబేస్ ఒకదాన్ని వెనక్కి పంపేస్తుంది. మళ్లీ ప్రయత్నించాల్సింది ప్రోగ్రామ్. తాతని కాదు మళ్లీ రమ్మనాల్సింది!

ఆ రాత్రి పెద్దాయన బస్టాండులోనే పడుకున్నాడు. పత్రం మర్నాడు మధ్యాహ్నానికి చేతికొచ్చింది.

మా రిపోర్టుల్లో ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో రాస్తాం. ఈసారి పక్కన ఇంకో గడి పెట్టమని అడుగుతా. ఇవాళ ఎంతమందిని 'రేపు రా' అన్నాం?