మరచిపోయిన ఇంటరు లెక్కలు

న్యూరల్ నెట్‌వర్క్ అన్న మాట వినిపించని బెంచీ ఈ రోజుల్లో మన కాలేజీలో లేదు. ఉత్సాహం మంచిదే. కాని "లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు, మూడు నెలల్లో నేర్పేస్తాం" అన్న మాట నమ్మి ఫీజులు కట్టేవాళ్ళను చూస్తే బాధ కలుగుతుంది. నేనూ కట్టినవాణ్ణే. చెప్పినట్టల్లా టైపు చేశాను, జవాబు వచ్చింది. ఒకనాడు తప్పు జవాబు వచ్చింది. ఎక్కడ సరిదిద్దాలో ఒక్క ముక్క తోచలేదు. ఆ ఫీజు మా చెరకు సొమ్ము.

ఇంతకీ కావలసిన లెక్కలేమిటి? మాత్రికలు, సదిశలు, అవకలనం, సంభావ్యత. ఇవన్నీ ఇంటర్ ఎం.పి.సి.లో చదివినవే. పాక్షిక అవకలనం ఒక్కటే డిగ్రీలో కలుస్తుంది. చదివాం సరే, అర్థం చేసుకున్నామా? ప్రవేశ పరీక్ష కోసం షార్ట్‌కట్లు బట్టీ పట్టాం, పరీక్ష అవగానే వదిలేశాం.

మన బెల్లం మార్కెట్టే చూడండి. దిమ్మ రంగుకు 2 మార్కులు వేశాం. దాన్ని 18 అనే బరువుతో గుణిస్తే కిలో ధర అంచనా 36. అసలు ధర 40. తేడాను వర్గం చేసి, బరువును బట్టి అవకలనం చేస్తే వచ్చేది −16. అందులో నూరో వంతు మేరకు బరువును సవరిస్తే 18.16, కొత్త అంచనా 36.32. తప్పు కొంచెం తగ్గింది. యంత్రం "నేర్చుకోవడం" అంటే ఇదే, లక్షల బరువులతో, లక్షల సార్లు. అన్నిటినీ ఒక్కసారే గుణించడానికే మాత్రికలు.

మరి పొరలెక్కువైతే? పొయ్యిలో పిప్పి ఎక్కువైతే వేడి పెరుగుతుంది, వేడికి పాకం ముదురుతుంది, ముదిరితే రంగు మారుతుంది, దాంతో ధర పడుతుంది. నష్టంలో పిప్పి వాటా ఎంతో తేలాలంటే ఒక్కో మెట్టు మార్పు రేటును గుణించుకుంటూ వెనక్కు రావాలి. అదే చెయిన్ రూల్. 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ 'నేచర్' పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసానికి ప్రాణం ఈ సూత్రమే. 2024లో హాప్‌ఫీల్డ్‌తో కలిసి భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నది ఆ హింటనే.

మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివిన సి.ఆర్.రావుగారు 1945లో సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని జ్యామితితో కొలిచి చూపారు. ఆ జ్యామితి ఆధారంగానే జపాను శాస్త్రజ్ఞుడు అమారి 1998లో న్యూరల్ నెట్‌వర్కులకు ఒక శిక్షణ పద్ధతిని వివరించాడు. పునాది గట్టిదైతే యాభై ఏళ్ళకైనా ఇల్లు లేస్తుంది!

"లెక్కలన్నీ పూర్తయ్యాకే మొదలెడదాం" అనేవాళ్ళూ ఉన్నారు. అదీ తప్పించుకునే దారే. రెండు బరువుల చిన్న నెట్‌వర్కును కాగితం మీద చేత్తో చేసి, తర్వాత కంప్యూటరు ముందు కూచుందాం. లెక్కల లెక్చరర్లకు నా విన్నపం: ఆదివారం ఒక గంట మాకివ్వండి. గది చూసే పూచీ యూనియన్ తీసుకోవాలి. పొయ్యి రాజేయడం అందరికీ వస్తుంది. పాకం గుర్తు తెలిసినవాడే బెల్లం దించగలడు.