దయ ఉంది, మాత్ర లేదు

కోనసీమ లంకల్లో మంచాన పడ్డ క్యాన్సర్ రోగి ఇంటికి నర్సమ్మ వెళ్లాలంటే రేవు దాకా స్కూటీ, అక్కడి నుంచి పడవ, ఆపైన ఇసుకలో నడక. గోదావరికి వరదొస్తే పి.గన్నవరం మండలం బూరుగులంక రేవులో తాత్కాలిక బాట కొట్టుకుపోతుంది. అక్కడా ఇక పడవే గతి. అంత కష్టపడి చేరిన మనిషి ముందుగా పుండు కట్టు విప్పుతుంది. అయినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారు. ఆమె మొహం చిట్లించదు. మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి పుండు మీద చల్లి, కంపు తగ్గించి, కొత్త కట్టు కడుతుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే వీపంతా పుండ్లు పడతాయని కోడలికి దగ్గరుండి చేసి చూపిస్తుంది. ‘నొప్పి తగ్గిందాండీ బాబాయ్ గారూ?’ అని అడుగుతుంది.

తగ్గదు. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ నొప్పి పారాసెటమాల్‌కు లొంగదు. దానికి మార్ఫిన్ కావాలి. ఆ మాత్ర రాసే అధికారం మన నర్సుకు లేదు, రాయగల డాక్టరు ఆ ఊళ్లో లేడు.

ఈ దుస్థితి మనం చేజేతులా తెచ్చుకున్నదే. నల్లమందు గసగసాలను చట్టబద్ధంగా పండించే దేశం మనది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి భయపడి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ ఉంచడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సడలించినా ఆ భయం పోలేదు. మన అవసరంలో 4 శాతం మార్ఫిన్ మాత్రమే రోగులకు అందుతోందని లాన్సెట్ కమిషన్ 2017లో లెక్కతేల్చింది. నయం కాని రోగుల బాధ తగ్గించే ఉపశమన చికిత్సకు 2012లో జాతీయ కార్యక్రమం ప్రకటించారు కానీ దానికంటూ ప్రత్యేక బడ్జెట్ పెట్టలేదు. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల 12 రకాల సేవల్లో ఇదీ ఒకటని కాగితం మీద రాసి, ఆ భారాన్ని కాంట్రాక్టు జీతం మీద పనిచేసే నర్సింగ్ పట్టభద్రుల నెత్తిన పెట్టారు. సర్వేలు, యాప్‌లు, టీకాలు, గర్భిణుల నమోదు అన్నీ అయ్యాక మిగిలిన పొద్దులో ఆమె చావుకు దగ్గరైన మనిషి పక్కన కూర్చోవాలి. ఓ పూట విసుక్కుంటే నర్సులకు దయ లేదంటాం. ఈ మాట అన్యాయం. ఇన్ని చావులు చూసిన ఆమె గోడు వినడానికి ఏ అధికారీ కూర్చోలేదు. మే 12న నర్సుల దినోత్సవం నాడు శాలువా కప్పి దయామూర్తి అని పొగిడితే సరిపోతుందనుకుంటున్నారు.

కేరళ 2008లోనే ఉపశమన చికిత్సకు విధానం తెచ్చింది, పంచాయతీల నిధులతో నర్సులను ఇళ్లకు పంపుతోంది. పక్కనే తెలంగాణలో ఇదే పని మీద ‘ఆలన’ వాహనాలు తిరుగుతున్నాయి. మనకంటే పేద దేశమైన ఉగాండా, శిక్షణ పొందిన నర్సులు మార్ఫిన్ రాసేందుకు 2004లోనే అనుమతించింది. వాళ్లకు సాధ్యమైంది మనకెందుకు కాదో ఆరోగ్యశాఖ జవాబు చెప్పాలి.

2022 జులైలో ధవళేశ్వరం వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంకలన్నీ నీళ్లలో చిక్కుకున్నాయి. మళ్లీ వరదలు వచ్చేలోగా అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రభుత్వాసుపత్రులు మూడింటిలోనూ మార్ఫిన్ నిల్వ ఉండాలి, అది రాయడానికి శిక్షణ పొందిన డాక్టరు ఉండాలి. ఇళ్లకు వెళ్లడమే పనిగా నర్సులను వేయాలి. వాళ్లకు వాహనంతో పాటు రేవు దాటే ఖర్చూ ఇవ్వాలి. మంచాన పడ్డవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో ఆశా కార్యకర్తలను అడిగితే చెబుతారు. కలెక్టర్ ప్రతి నెలా ఆ పేర్లు ముందుంచుకుని, ఎవరికి మాత్ర అందిందో, ఎవరికి అందలేదో వైద్యాధికారులను అడగాలి.