మొహం ఎర్రబడితే మెడికల్ షాపుకేనా?

ఈసారి పోస్టు కొంచెం పొడుగే. ఓపికగా చదవండి, ఫోను చూడని పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

కామాఠిపురలో ఎవరి మొహమైనా ఎర్రబడితే మన నోట వచ్చేవి మూడే మాటలు: ఎండ తగిలింది, వేడి చేసింది, బీపీ పెరిగినట్టుంది. మూడింటికీ మందు మాత్రం ఒకటే. గల్లీ చివర మెడికల్ షాపులో దొరికే చిన్న ట్యూబ్. పక్క ఖోలీ వదిన వాడితే తగ్గిందట, మనకూ తగ్గుతుంది అంటాం. ఈ ట్యూబ్ అలవాటును మన సంఘం గట్టిగా పట్టించుకోవాలని మేము అంటున్నాం. ఎందుకో చెబుతాం.

ఆ ట్యూబ్‌లో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. పేరు చదవండి: బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. రాసిన రెండు రోజులకే ఎరుపు, దురద తగ్గుతాయి. ఎందుకంటే అది చర్మం కింద రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. జబ్బు పోలేదు, కనబడకుండా పోయిందంతే. వారాల తరబడి, నెలల తరబడి రాస్తే మొహం చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్ర నరాలు బయటపడతాయి, మొటిమలు లేస్తాయి, ఆడవాళ్లకు గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తాయి. అప్పుడు భయపడి ఆపితే మొహం మొదటికన్నా ఎర్రగా మండుతుంది. మళ్లీ రాస్తే చల్లబడుతుంది. ఇంక ఆ ట్యూబ్ వదలదు. మందే రోగమైపోతుంది. మొహం మీద తామర ఉన్నవాళ్లు రాస్తే ఇంకా కష్టం, తామర రూపం మారి పాకిపోతుంది, డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది.

ఇది మన గల్లీల గొడవ మాత్రమే కాదు. దేశంలోని పన్నెండు ఆస్పత్రుల్లో చర్మ డాక్టర్లు మొహం మీద సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూసి 2011లో లెక్క ప్రచురించారు. అందులో 433 మంది స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నారు. వాళ్లలో 257 మందికి ఆ క్రీమ్ వాడమన్నది డాక్టరే కాదు. తెల్లబడటానికో, ఊరికే రోజువారీ క్రీమ్‌లాగానో రాసుకున్నవాళ్లు 126 మంది. ఈ లెక్క చదివితే మనకు పెళ్లిచూపులు గుర్తుకు రాక మానవు. సంబంధం వస్తుందంటే పిల్ల మొహానికి ముందుగా కొనేది ఇలాంటి క్రీమే కదా. రంగు తక్కువైందని పిల్ల మొహం కాల్చుకోమనే సంబంధం మనకెందుకు? ఈ మాట మగపిల్లల తల్లిదండ్రులకు కూడా.

2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన బిగించింది. అయినా అడిగితే చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు. తప్పు అమ్మేవాళ్లదే, కానీ అడగడం మనం మానొచ్చు. స్టెరాయిడ్ చెడ్డ మందు అని కూడా మేము అనం. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందే.

మరి ఎరుపు ఎందుకొస్తుంది? ఒక్క కారణం కాదు. ముందు ఒక మాట. మన చామనఛాయ మొహాల మీద ఎరుపు బొమ్మల్లో చూపించినంత ఎర్రగా కనబడదు. కమిలినట్టో, నల్లబడినట్టో ఉంటుంది. మంట, వేడి, చురచుర మాత్రం తెలుస్తాయి. అందుకే బుగ్గలు, ముక్కు తరచుగా వేడెక్కి ఎర్రబడే రోసేషియా అనే జబ్బు మనవాళ్లలో గుర్తుపట్టక వదిలేస్తారు. వేడి చాయ్, కారం, ఎండ, కిటికీ లేని ఖోలీలో పొయ్యి సెగ దాన్ని రేపుతాయి. నలభై అయిదు దాటిన అక్కలకు ఉన్నట్టుండి ఛాతీ నుంచి మొహానికి వేడి ఎగదన్ని, చెమటలు పట్టి నిమిషాల్లో తగ్గితే అది నెలసరి ఆగే దశ కావచ్చు. సిగ్గుపడి కోడలికి కూడా చెప్పరు. చెప్పండి, దానికీ వైద్యం ఉంది. బీపీకి వాడే అమ్లోడిపిన్ మాత్రతో కూడా కొందరికి మొహం వేడెక్కుతుంది, అలాగని మాత్ర మీరే ఆపొద్దు, డాక్టరుకు చెప్పండి. ఇంకో మాట, మొహం చూసి బీపీ చెప్పలేం. ఎర్రగా లేకపోయినా బీపీ ఉండొచ్చు. కొలిస్తేనే తెలుస్తుంది.

జుట్టుకు రంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకు నుదురు, కనురెప్పలు వాచి ఎర్రబడితే రంగు పడలేదన్నమాట. కొందరికి కుంకుమ, బొట్టుబిళ్ల జిగురు కూడా పడవు.

రెండు జబ్బుల గురించి మాత్రం ఆగి చెప్పాలి. బుగ్గల మీద, ముక్కు మీద సీతాకోకచిలుక రెక్కల్లా ఎరుపు వచ్చి, ఎండకు పెరిగి, దానితో కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, నోట్లో పుండ్లు ఉంటే లూపస్ కావచ్చు. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ పిల్లలు కనే వయసులో. కిడ్నీ దాకా వెళ్లే జబ్బు ఇది. ట్యూబ్ రాసి మచ్చ కప్పితే పోయేది కాలమే.

రెండోది కుష్టు. ఈ పేరెత్తితే చాళ్లో ఎవరూ మాట్లాడరు, అందుకే మేము ఎత్తుతున్నాం. మొహం మీద ఎర్రగానో పాలిపోయో మచ్చ ఉండి అక్కడ స్పర్శ తెలియకపోతే, చెవితమ్మెలు మందంగా అయితే దాచకండి. వడాలాలో 1890 నుంచి ఆక్‌వర్త్ కుష్టు ఆస్పత్రి ఉంది. మందు ఉచితం, ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంట్లోవాళ్లకు అంటే భయం ఉండదు. ఉన్న మచ్చ ఉన్నట్టుండి ఎర్రబడి వాచినా, కన్ను మూతపడకపోయినా ఆ రోజే వెళ్లాలి.

ఎరుపుతో పాటు జ్వరం, వేడిగా నొప్పిగా పాకే వాపు ఉంటే ఆగకూడదు. మందో, తిండో పడక దద్దుర్లతో పెదవులు వాచి ఊపిరి ఆడకపోతే అది నిమిషాల వ్యవహారం, నేరుగా క్యాజువాలిటీకే.

సంఘం పెద్దలకు మా మనవి. మన శిబిరాల్లో బీపీ, షుగరు చూసి పంపించేస్తున్నాం. ఈ ఏడాది ఒక చర్మ డాక్టరును కూడా పిలవండి. ఆడవాళ్లకు వేరే గది, లేకపోతే కనీసం ఒక తెర ఏర్పాటు చేయండి. నలుగురి ముందు మొహం ముసుగు తీయమంటే ఎవరు తీస్తారు? ఒక బల్ల వేసి, ఇంట్లో వాడుతున్న ట్యూబులన్నీ తెమ్మంటే చదువుకున్న మన పిల్లలే పేర్లు చదివి చెప్పగలరు. పెద్ద ఖర్చేమీ కాదు.

శిబిరం దాకా ఆగలేనివాళ్లకు నాయర్ ఆస్పత్రి, జేజే ఆస్పత్రి మనకు దగ్గరే. కేస్ పేపర్ తీసి చర్మ విభాగం అని అడగండి. వాడుతున్న ట్యూబ్, మింగుతున్న మాత్రల చీటీలు వెంట తీసుకెళ్లండి. ఎరుపు వచ్చి పోతుంటే, వచ్చినప్పుడు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. నెలలుగా రాస్తున్న స్టెరాయిడ్ ఎలా ఆపాలో కూడా అక్కడే అడగండి. తోడు కావాలంటే కింద కామెంట్‌లో రాయండి, మాలో ఎవరో ఒకరం వస్తాం.