పాట అందరిదీ... మరి పేరు?

నర్సంపేట దాటి కొత్తగూడ రోడ్డెక్కానంటే నా ఫోన్‌లో సిగ్నల్ దోబూచులాడుతుంది. అందుకే గంగారం బస్సెక్కే ముందే పాటలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటా. ఈసారి దారంతా విన్నవి కొరియా పాటలు. కే-పాప్ కాదు బాస్, వాళ్ల పాత పాటలు!

బ్యాండ్ పేరు లీనల్చి. 2020లో ‘సుగుంగా’ అనే ఆల్బమ్ చేశారు. అక్కడ పాన్సోరి అని ఒక కళ ఉంది. ఒకరు పాడుతూ కథ చెప్తారు, పక్కన ఒకరు డోలు కొడతారు. గంటలు గంటలు సాగుతుంది. మన ఒగ్గు కథ గుర్తొచ్చింది కదా? సుగుంగాలో సముద్రపు రాజుకి జబ్బు చేస్తే, మందు కోసం కుందేలు కాలేయం తెమ్మని తాబేలుని ఒడ్డుకి పంపుతారు. మన పంచతంత్రంలో కోతి-మొసలి కథకి దగ్గరి చుట్టం. ఈ కథకి లీనల్చి వాళ్లు రెండు బేస్ గిటార్లు, డ్రమ్స్ పెట్టారు. గొంతు మాత్రం పాన్సోరి గొంతే. అందులోని పులి పాటని కొరియా టూరిజం వాళ్లు వీడియోకి వాడితే ప్రపంచమంతా చూసింది.

ఇంకేముంది, నాలోని ఇంజనీర్ లేచాడు. మా నాయనమ్మ నాటు పాట ఫోన్‌లో రికార్డ్ చేసి, ల్యాప్‌టాప్‌లో బీట్ వేశా. ఆమె గొంతు బీట్‌కి సరిపోని చోటల్లా కోసి, జరిపి, లైన్‌లో పెట్టా. రాత్రంతా పని. పొద్దున గర్వంగా వినిపించా.

‘‘గిదేంది కొడుకా, ఎనుక నుంచి ఎవరో తరుముతున్నట్టుంది. గింత జల్ది నాటేస్తే నడుములు ఉంటయా?’’ అంది.

అప్పుడు అర్థమైంది. ఆమె పాటలో సాగదీతలు తప్పులు కావు. వంగినప్పుడు ఒక ఊపిరి, జరిగినప్పుడు ఒకటి. పాటకి కొలత పొలంలోనే ఉంది. నేను బగ్ అనుకుని తీసేసింది అసలు పాటనే!

మన దగ్గరా ఇలాంటి కలయికలు వచ్చాయి. 2021లో ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో మొగిలయ్య గారి గొంతు, 12 మెట్ల కిన్నెర వినగానే మన ఫోన్లన్నీ ఆగిపోయాయి. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికీ వచ్చింది. డోలు కొడుతూ సమ్మక్క-సారలమ్మల చరిత్రని కోయ భాషలోనూ తెలుగులోనూ పాడిన మనిషి. మా మండలంలోని పూనుగొండ్ల నుంచే సమ్మక్క భర్త పగిడిద్దరాజుని అడవి దారిలో మేడారం తీసుకెళ్తారు. అంటే ఆయన పాడింది మా దారి కథ కూడా. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. నేను ఒక్కసారి కూడా ఎదురుగా కూర్చుని వినలేదు. మేడారానికి మాత్రం సెల్ఫీల కోసం వెళ్లా.

ఇంకో మాట. లీనల్చి అనేది 19వ శతాబ్దపు పాన్సోరి గాయకుడి పేరు. వాళ్లు తమ బ్యాండ్‌కి పాత గాయకుడి పేరే పెట్టుకున్నారు. మరి నేను? నా ఫైల్‌కి ‘ఫోక్ మిక్స్ ఫైనల్ 3’ అని పెట్టా!

ఆ ఫైల్ డిలీట్ చేశా. అసలు రికార్డింగ్ దాచి, నాయనమ్మ పేరు, ఊరు, ఏ పని చేస్తూ పాడే పాటో, ఎవరి దగ్గర నేర్చుకుందో రాసిపెట్టా. పండక్కి ఊరెళ్తే మీరూ చేయండి. బీట్ ఎప్పుడైనా వేసుకోవచ్చు. ముందు ఆమెని అడగండి, పూర్తిగా వినండి, పేరు రాయండి.

ఇప్పుడు నాయనమ్మ రెండో పాట మొదలెట్టింది. ఫోన్ ఛార్జింగ్ 11 శాతం. ఉంటా మరి!