వారికీ ‘వద్దు’ అనడం నేర్పుదాం

మన సంఘాల్లో బుద్ధిమాంద్యంతో పుట్టిన బిడ్డలున్నారు. పాతికేళ్ల యువకుడినైనా మనం ‘పసివాడు’ అనే అంటాం. ఆ మాటలో ప్రేమ ఉంది కానీ నిజం లేదు. బుద్ధి ఎదుగుదల మందగించినంత మాత్రాన శరీరం ఆగదు. ఆ ఆడపిల్లకూ నెలసరి వస్తుంది. ఆ మగపిల్లవాడికీ గొంతు మారుతుంది, కోరికలు కలుగుతాయి. దేవుడు తన సృష్టినంతా చూసి చాలా మంచిదిగా ఎంచినప్పుడు (ఆది 1:31) ఈ దేహాలను మినహాయించలేదు.

అయినా లైంగిక విషయాలు వారికి చెప్పాలంటే మనకు సిగ్గు. ‘చెబితే లేనిపోని ఆలోచనలు వస్తాయి’ అనుకుంటాం. చెప్పకుండా మరేం చేస్తున్నాం? 1994లో మహారాష్ట్రలోని శిరూరులో ఒక వసతిగృహంలో ఉంటున్న ఇలాంటి ఆడపిల్లలకు పుణె ఆసుపత్రిలో గర్భసంచులు తొలగించారు. నెలసరి శుభ్రత కష్టమన్నారు, గర్భం వస్తుందేమోనన్నారు. గర్భసంచి లేకపోతే అత్యాచారం ఆగుతుందా? అది బయటపడే దారి ఒకటి మూసుకుపోతుంది, అంతే! ఆమె సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే చికిత్స చేయకూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

అమ్నోను బలవంతం చేయబోతే తామారు వద్దన్నది, ఎందుకు వద్దో కూడా చెప్పింది (2 సమూ 13). ఆమెకు ఆ మాటలున్నాయి. మన బిడ్డలకు ఆ మాటలే లేవు. పైగా ‘పెద్దలు చెప్పినట్టు వినాలి’ అని వారికి మరీ గట్టిగా నేర్పుతాం. ఆరాధన అయ్యాక ఎవరైనా వారిని దగ్గరకు తీసుకోవచ్చు, ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఎవరు తాకినా నవ్వుతూ నిలబడే బిడ్డను ‘మంచి బిడ్డ’ అని మెచ్చుకుంటాం. కీడు తలపెట్టినవాడికి ఇంతకన్నా సులువేముంది?

నేర్పడం అసాధ్యమేమీ కాదు. శరీరంలోని ప్రతి భాగానికీ ఒకే పేరు, ఎప్పుడూ అదే పేరు వాడాలి. బొమ్మలతో, ఫొటోలతో చూపించాలి. అమ్మను కౌగిలించుకోవచ్చు, పాస్టరుగారికి చేతులు జోడించి వందనాలు చెప్పాలి, ఆటో అంకుల్‌కు టాటా చాలు. స్నానం, బట్టలు మార్చుకోవడం తలుపు వేసుకునే. కుర్రవాడు నలుగురిలో తన అవయవాన్ని తాకుకుంటే కొట్టడం, దయ్యం పట్టిందని ప్రార్థన చేయించడం కాదు, ‘ఇక్కడ కాదు’ అని నెమ్మదిగా చెప్పాలి. ఒకసారి కాదు, వందసార్లు. ‘వద్దు’ అని గట్టిగా అరవడం, అక్కడి నుంచి వచ్చేయడం, అమ్మకు చెప్పడం, ఈ మూడూ ఇంట్లో ఆటలా సాధన చేయించాలి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థలోనూ, మరికొన్ని చోట్లా ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన టీచర్లు మన ఊళ్లలో ఉన్నారు. ఒక శనివారం వారిని పిలిచి సండేస్కూల్ టీచర్లతోనూ తల్లిదండ్రులతోనూ కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సువార్త సభలకు వేసే షామియానా ఖర్చులో పదోవంతు కూడా ఉండదు.

ఇక బిడ్డ వచ్చి చెప్పినప్పుడు సంగతేమిటి? అబ్షాలోము తన చెల్లెలిని ఊరకుండమన్నాడు. సంఘం పరువు పేరిట నేటికీ అదే మాట వినబడుతోంది. పద్దెనిమిదేళ్లలోపు బిడ్డపై లైంగిక దాడి జరిగిందని తెలిసీ పోలీసులకు తెలియజేయకపోవడమే నేరమని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. పాస్టరుకూ, సంఘ పెద్దలకూ అందులో మినహాయింపు లేదు.